చాలు అంటే ఇంకా పెట్టమని

చిట్టి జడకు రిబ్బను కడుతుంటే ఆయాకు మూడోసారీ ముడి పడలేదు. ఇరవై రెండేళ్ళుగా కళ్ళు మూసుకుని వేసే ముడి. ఇవాళ వేళ్ళు మాట వినడం లేదు.

పదింటికి వ్యాను వస్తుంది. అరవై మంచాల ఈ హోంనుంచి చిట్టినీ, ఇంకో ముగ్గురినీ ఊళ్ళో మామూలు వీధిలో మామూలు ఇంటికి మారుస్తున్నారు. బుద్ధి ఎదగనంత మాత్రాన మనుషుల్ని ప్రహరీ వెనక పెట్టకూడదట, నలుగురిలో బతకాలట. మంచి మాటే, కాదనడానికి తనెవరు? అయినా ఆయాకు ఒక్కటే బెంగ.

ముప్పై ఎనిమిదేళ్ళ చిట్టికి వచ్చిన మాటలు నాలుగైదు. అందులో ఒకదాని అర్థం తిరగబడింది. చిన్నప్పుడు వడ్డించేవాళ్ళు గరిటెడు కంచంలో పడేసి, "చాలు, జరుగు" అనేవారు. రోజుకు మూడుపూటలూ అదే వినీ వినీ, అన్నం పేరే అదనుకుంది పిచ్చితల్లి. ఆకలేస్తే "చాలు" అంటుంది. తెలియనివాళ్ళు కంచం తీసేస్తారు. ఆ గుట్టు కనిపెట్టింది ఆయా ఒక్కతే. కొత్త ఇంట్లో ఎవరికి తెలుస్తుంది? చిట్టి ఆకలితో మాడిపోతుంది.

వ్యాను దిగిన, కొత్త ఇల్లు చూసుకునే అమ్మాయిని గేటు దగ్గరే పట్టుకుంది.

"అమ్మాయ్, మా చిట్టి చాలు అంటే చాలని కాదు. ఇంకా పెట్టమని. మరిచిపోకే తల్లీ!"

"అక్కడ వడ్డించేవాళ్ళే ఉండరు పెద్దమ్మా. గిన్నెలు బల్లమీదుంటాయి, ఎవరికి కావలసింది వాళ్ళే పెట్టుకుంటారు."

"అయ్యో, దానికి గరిటె పట్టడమే రాదు!"

"ఎప్పుడైనా ఇచ్చి చూశారా?"

ఆయా వెళ్ళి చిట్టి జడ రిబ్బను మరోసారి సర్దింది.

వ్యాను ఎక్కించే ముందు చిట్టిని గట్టిగా కావలించుకుంది. భుజంమీద తల ఆనించి చిట్టి మెల్లగా అంది, "చాలు."

"విన్నారుగా, ఊపిరాడటం లేదేమో, వదలండి" అన్నాడు డ్రైవరు. ఆయా నిజం చెప్పబోయింది. చెబితే ఇక వదలలేనని భయమేసి, చేతులు తీసేసింది.

వ్యాను మలుపు తిరిగాక లోపలికి వచ్చి, ఎప్పటిలాగే చిట్టి మంచంమీద దుప్పటి మార్చబోయింది. పరుపు ఎత్తితే గోడవైపు మూలన చిన్న మూట కనిపించింది. ఆ పాత రుమాలులో రొట్టెముక్కలు, ఎండి చెక్కలైపోయి ఉన్నాయి. ఎవరూ లాక్కోకుండా రుమాలుకు చిట్టి తన చేత్తో వేసుకున్న ముళ్ళు మూడు.