ఎరుకమ్మ వంతు

మా ఆవిడ కనకలక్ష్మి కౌన్సిలర్ అయ్యాక నా పేరు మారిపోయింది. ఫీనిక్స్ బే రోడ్డులో ఏళ్ల తరబడి రంగులూ పైపులూ అమ్ముకుంటున్న పైడిరాజుని నేను. ఇప్పుడు కొట్టుకొచ్చే వాళ్లు కూడా "కౌన్సిలరమ్మ గారి ఆయన" అంటున్నారు. కొందరైతే పెత్తనమంతా నాదేననుకుని, కాలవ మీద పలక విరిగిందనీ వీధిలైటు వెలగడం లేదనీ నాతోనే మొరపెట్టుకునేవారు. మొదట్లో నేనూ గంభీరంగా తలూపి వినేవాణ్ణి. ఒకరోజు ఇంటికొచ్చి పెద్దమనిషి గొంతుతో "ఆ పలక సంగతేదో చూడు" అన్నాను. "ఓట్లు నీకేశారా, నాకేశారా?" అంది. ఆనాటి నుంచీ నా పనల్లా స్కూటర్ మీద ఆవిణ్ణి దింపడం, తీసుకురావడం. మీటింగులో వెనక బెంచీ మీద కూర్చోవచ్చు గానీ నోరు విప్పకూడదు. విప్పనూ లేదు.

కౌన్సిల్ మీటింగంటే ఏవేవో ఊహించుకుంటారు జనం. అక్కడ మాట్లాడేదంతా కొళాయి నీళ్ల గురించి, కుక్కల గురించి, ఎవరో గోడ ముందుకు జరిపి కట్టేశారన్న తగాదా గురించి. మధ్యలో టీ వస్తుంది. టీ తర్వాత మళ్లీ కొళాయి నీళ్లు. నాకు మాత్రం ఆ మీటింగులంటే ఇష్టం ఏర్పడింది. పట్టణమంటే ఇవే కదా మరి, ఇంకేముంటుంది?

మా ఆవిడ ఆ కౌన్సిల్లో సాధించిన పెద్ద పని చేపల మార్కెట్టు. అంతకుముందు మా వార్డులో చేపలమ్మే ఆడవాళ్లు రోడ్డు పక్కన గోనెపట్టా పరుచుకుని కూర్చునేవారు. పన్నెండుమంది, అందరూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబాల వాళ్లే. ఈ దీవుల్లో వాన సంగతి తెలుసు కదా, ఒకసారి మొదలైతే నెలల తరబడి వదలదు. వాళ్లు నెత్తిన ప్లాస్టిక్ కవరు కప్పుకుని, తడుస్తూ చేపలు కోసేవారు. అది చూడలేక మా ఆవిడ ఆఫీసుల చుట్టూ కాళ్లకు బలపం కట్టుకుని తిరిగింది. చివరికి రేకుల షెడ్డు, పలకరాళ్లు పరిచిన అరుగులు, నీళ్ల కొళాయి వచ్చాయి. అరుగు ఎంత ఎత్తుండాలి, కత్తిపీట ఎటు పెట్టుకోవాలి, నీళ్లు ఎటు పారాలి, అన్నీ వాళ్లనే అడిగి కట్టించింది. చీట్లు వేసి ఎవరి అరుగు వాళ్లకి ఇప్పించింది. అరుగు మీద ఎవరి పేరు వాళ్లకి హిందీలోనూ తెలుగులోనూ రాయించింది. ఆ రంగు నా కొట్టుది కాదని ముందే చెబుతున్నాను. జనం ఏమంటారోనని పక్క కొట్లో కొనిపించింది మహాతల్లి.

ఒక్క సంగతి మాత్రం అడగలేదు. రోడ్డు మీద ఉన్నన్నాళ్లూ ఎవరు ఎక్కడ కూర్చునేవారని. అడగాలని ఎవరికి తోస్తుంది చెప్పండి?

చీట్లలో ఒకటో నంబరు అరుగు బుల్లెమ్మకి వచ్చింది. బుల్లెమ్మ మా ఆవిడకి పిన్ని వరస, నన్ను "అల్లుడా" అంటుంది. ఒకటో నంబరంటే మెట్లెక్కగానే కనిపించే అరుగు. కొనేవాళ్లలో సగంమంది అక్కడే ఆగిపోతారు. వెనకమాల కొళాయి దగ్గరున్న అరుగు దాకా వెళ్లేది ముందు అరుగుల మీద సరుకు అయిపోయాకే. బుల్లెమ్మకి అదృష్టం కలిసొచ్చిందని మేమంతా సంబరపడ్డాం. బుల్లెమ్మ మాత్రం "సర్లే" అని ఊరుకుంది. అప్పుడైనా మాకు అనుమానం రావాల్సింది.

కొన్నాళ్లకి బుల్లెమ్మకి కౌన్సిల్ నుంచి నోటీసు వచ్చింది. ఇన్‌స్పెక్టర్ సుభాష్ తనిఖీకి వెళ్లినప్పుడల్లా ఒకటో అరుగు మీద బుల్లెమ్మ లేదట, వేరెవరో ఉన్నారట. అరుగుని ఇంకొకరికి అద్దెకిచ్చుకుంటే రద్దు చేసి వేలం వేస్తారు, అది రూలు. వచ్చే మీటింగులో ఆ సంగతి తేలుస్తారని రాశారు. సుభాష్ చెడ్డవాడు కాదు. కాకపోతే ఆయన మెట్లు దాటి లోపలికి ఎప్పుడూ వెళ్లలేదు, వెళ్తే బూట్లు తడుస్తాయి. వెళ్లి ఉంటే పన్నెండు అరుగుల మీదా పేరొకరిది, మనిషొకరని తెలిసేది.

మా ఆవిడ అగ్గి మీద గుగ్గిలమైంది. మర్నాడు పొద్దున్నే మార్కెట్టుకి తీసుకెళ్లమంది. వెళ్లేసరికి ఒకటో అరుగు మీద కానాగంత చేపలు పోగులు పోసి ఉన్నాయి, మనిషి లేదు. పక్క అరుగు మీదున్న శ్రీలక్ష్మి తన చేపలతోపాటు అవీ అమ్ముతోంది. బుల్లెమ్మ అట్టడుగున, కొళాయి పక్కన, ఈగలు తోలుకుంటూ కూర్చుంది.

"నీ అరుగు వదిలేసి ఇక్కడేం చేస్తున్నావు పిన్నీ?" అంది మా ఆవిడ.

"ఇయ్యాల నా వొంతు ఇక్కడే గదమ్మీ."

"వంతేమిటి?"

"ఏటంటే ఏటి సెప్పీది? ముందర కూకున్నదానికి బేరాలు బాగుంటాయి గదా. అందుకే రోజుకొకలు ముందరకెల్తాం, ముందరున్నది ఎనక్కొస్తాది. మా అమ్మలు రోడ్డు మీద కూకున్నప్పుడినుంచీ అంతే. నువ్వు షెడ్డు కట్టించినావు, సల్లగుండు. సీట్లేసినావు, పేర్లు రాయించినావు. నీ ముచ్చట ఎందుకు కాదనాలని మావు ఊరుకున్నాం."

మా ఆవిడ మొహం చూడాలి అప్పుడు. తను ముచ్చటపడి రాయించిన పేర్లని వాళ్లు పిల్లదాని ఆటలా భరిస్తున్నారని తెలిస్తే ఎవరికైనా అలాగే ఉంటుంది. "మరి ఒకటో అరుగు మీద మనిషే లేదేం?" అని అడిగింది.

"ఇయ్యాల ఎరుకమ్మ వొంతు. అది కాలిరిగి ఇంటికాడుంది గదా. రాలేనిదాని వొంతు పోదు. తలా రెండు సేపలేసి దాని పోగు పెడతాం, పక్కది అమ్ముతాది. సాయంత్రం దాని డబ్బులు దానింటికెల్తాయి. నాకు పిల్లలు పుట్టినప్పుడు నా వొంతూ అలాగే నడిసింది. నీ కూతురు పురిటికి నువ్వు సెలవెట్టలేదేటి?"

అక్కణ్ణుంచి ఎరుకమ్మ ఇంటికి వెళ్లాం. ఎరుకమ్మ మంచం మీద కూర్చుని పాత వల ముక్క ఒకటి ఊరికే అల్లుతోంది. మమ్మల్ని చూసి, వచ్చే వారం నుంచి కర్ర పట్టుకుని మార్కెట్టుకి వచ్చేస్తానంది. మనవరాలు సుమ మమ్మల్ని సాగనంపడానికి వీధిలోకి వచ్చింది. తల్లీతండ్రీ లేని పిల్ల, కాలేజీలో చదువుతోంది.

"ఆంటీ, డాక్టర్ సాబ్ బోల్ దియా, అమ్మమ్మ ఇంక నడవదంట. తనకి తెలుసు, నా దగ్గర కూడా తెలీనట్టే ఉంటాది. మార్కెట్లో ఎవరికీ చెప్పొద్దు ఆంటీ, ప్లీజ్. ఇంక రాదని తెలిస్తే వంతు తీసేస్తారు. మాకు అదొక్కటే ఉంది" అని ఏడ్చింది.

చెప్పనని మా ఆవిడ మాటిచ్చింది. స్కూటర్ నడుపుతూ నేను లెక్క వేసుకున్నాను. ఒకటో అరుగు వేలంలో బయటివాడికి పోతే వంతు చెడుతుంది. పోకుండా ఉండాలంటే ఎవరరుగు మీద వాళ్లే కూర్చోవాలి, అప్పుడూ చెడుతుంది. ఎటు తిరిగినా ఎరుకమ్మ ఇంట్లో పొయ్యి వెలగదు.

మీటింగు రోజు బుల్లెమ్మ ఉతికిన నేతచీర కట్టుకుని నా పక్కన వెనక బెంచీ మీద కూర్చుంది. ముందు కొళాయి నీళ్లు అయ్యాయి. తర్వాత కుక్కలు. టీ వచ్చింది. బుల్లెమ్మ టీ తాగి, కప్పు ఎక్కడ కడగాలని నన్నడిగింది. ఆ తర్వాత చైర్‌పర్సన్ గారు ఒకటో అరుగు సంగతి ఎత్తారు. ఆవిడ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, అందరూ దీదీ అంటారు. మీటింగంతా హిందీలోనే నడుస్తుంది, మీకు నేను తెలుగులో చెబుతున్నాను.

"అమ్మా, ఇది చాలా చిన్న విషయం" అన్నారు దీదీ. "మీ అరుగు మీద మీరే కూర్చుంటానని ఒక్క మాట అనండి. నోటీసు వెనక్కి తీసేసుకుంటాం. మార్కెట్టు మొత్తానికి మంచి చోటు మీదే కదా!"

బుల్లెమ్మ లేచి నిలబడింది. "మై అకేలా ఉధర్ నై బైఠేగా, దీదీ" అంది తనకొచ్చిన హిందీలో. నేనొక్కదాన్నే అక్కడ కూర్చోను అని.

"కూర్చోకపోతే రద్దు చెయ్యాలి. వేలం వెయ్యాలి."

"ఏసుకోండి."

హాల్లో అందరూ తలెత్తారు. సుభాష్ కాగితాలు తిరగెయ్యడం ఆపేశాడు.

"వేలం వేస్తే మీ చోటు పోతుందమ్మా" అన్నారు దీదీ, అర్థం కాలేదేమోనని నెమ్మదిగా.

ఇక్కడ బుల్లెమ్మ హిందీ చాల్లేదు. తెలుగులోకి దిగింది, మా ఆవిడ హిందీలో చెబుతూ వచ్చింది. "నా సోటు ఎలాగ పోద్ది దీదీ? పన్నెండులో ఒకటి పోతే పదకొండుంటాయి. పన్నెండుమందిమీ పదకొండిట్లో సర్దుకుంటాం. రోజుకొకలు ఇంటికాడుంటాం."

మూలనున్న ఓ కౌన్సిలర్‌కి సరదా పుట్టింది. "మిగతావాళ్లూ వేరే అరుగుల మీద దొరికి, ఇంకోటి రద్దయితే?"

"పదుంటాయి."

"అన్నీ పోతే?"

"రోడ్డుంది గదా భయ్యా."

ఎవరో పకాలున నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ మనిషి దగ్గర్నుంచి ఏదీ లాక్కోవడం ఎవరివల్లా కాదని నాకు అప్పుడు తెలిసింది. గట్టిగా చప్పట్లు కొట్టాలనిపించింది గానీ నోరు విప్పకూడదన్న షరతు చేతులకీ వర్తిస్తుందేమోనని ఊరుకున్నాను.

అప్పుడు మా ఆవిడ తన మాట చెప్పింది. "దీదీ, తప్పు పిన్నిది కాదు. పేరుపేరునా అరుగులిమ్మని ఈ కౌన్సిల్లో తీర్మానం పెట్టింది నేను. మేలు చేస్తున్నాననుకున్నాను. వాళ్ల పద్ధతి నాకు తెలీదు, నేను అడగలేదు. ఆ తీర్మానం మార్చండి. పన్నెండు అరుగులూ పన్నెండుమందికీ కలిపి రాయండి. ఎవరెక్కడ కూర్చోవాలో వాళ్లు చూసుకుంటారు. శుభ్రంగా లేకపోతే అందరికీ కలిపి జరిమానా వెయ్యండి."

తన తప్పు నలుగురిలో ఒప్పుకోవడం మా ఆవిడకి అలవాటున్న పని కాదు. ఇంట్లో అయితే ఇంతవరకూ ఒక్కసారి కూడా నేను వినలేదు. అందుకే చెబుతున్నాను, నాకు ఆ రోజు ఆవిడ మీద చెప్పలేనంత గర్వం కలిగింది.

సుభాష్ లేచి, ఒకే ఒక సందేహం అన్నాడు. "మేడం, మనిషి లేకుండా చేపలు మాత్రమే ఉన్న రోజులు కూడా చూశాను. ఎవరో ఎరుకమ్మ అట, కాలు విరిగిందట. ఆవిడ పేరూ ఇందులో రాయాలా?"

"పాపం" అన్నారు దీదీ. "ఎప్పటికి వస్తుందా అమ్మ?"

మా ఆవిడ బల్ల మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. నిజం చెబితే సుమకిచ్చిన మాట పోతుంది, అదీ బుల్లెమ్మ ఎదురుగానే. అబద్ధం చెబితే అది మీటింగు రాతల్లోకి ఎక్కుతుంది.

"దీదీ, ఆ విషయం ఇవాళ్టి అజెండాలో లేదు" అంది.

ఇష్టం లేని ప్రశ్న ఎవరు వేసినా దీదీ చెప్పే జవాబు అది. హాలంతా గొల్లుమంది. దీదీ కూడా నవ్వేసి, "ఠీక్ హై, పన్నెండు పేర్లూ రాయండి" అన్నారు. చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. బుల్లెమ్మ కూడా ఎత్తింది, ఆవిడకి ఓటు లేదని నేను చెప్పలేదు. తర్వాత ఏదో గోడ సంగతి మొదలైంది.

మీటింగయ్యాక ముగ్గురం మెట్లు దిగుతున్నాం. మా ఆవిడకి సంతోషం నిలవడం లేదు, దాంతోపాటు భయమూ వదలడం లేదు. చివరి మెట్టు మీద ఆగిపోయింది.

"పిన్నీ, ఎరుకమ్మ రావడం కొంచెం ఆలస్యం అవుతుందేమో. మీవాళ్లు ఏమీ అనుకోరు కదా?"

బుల్లెమ్మ ఆవిడకేసి చూసింది. "అది ఇంక నడవదు గదమ్మీ. ఆసుపత్రిలో డాక్టరు సెప్పినప్పుడు మంచం పక్కన నాను లేనేటి?"

మా ఆవిడ బుల్లెమ్మ చెయ్యి పట్టుకుంది.

"తెలిసీ వంతు నడుపుతున్నావా?" అంది.

"నాను మానేస్తానని దాని నోటితో అది అనాల. అనీదాకా వొంతు దానిదే."

"అది అనకపోతే?"

బుల్లెమ్మ జాలిగా నవ్వింది. "ఎందుకంటాదమ్మీ? అనకుండా సూసుకోడానికే గదా మావున్నది" అంది. తర్వాత నా వైపు తిరిగి, "అల్లుడా, బండి తియ్యి. రేపు మల్లీ దాని వొంతు. పెందలాడే జెట్టీ కాడికెల్లి దానికి మంచి సేపలు ఏరాల" అంది.