కుబుసం విడిచిన సాలెపీత

ఓకి దీవిలోని సముద్రజీవుల పరిశోధనశాలలో నేను నత్తల మీద పనిచేసేదాన్ని. పక్కగదిలో పీతల మీద పనిచేసే హిసానో నా స్నేహితురాలు. ఆమె భర్త ఎయిసుకె గారిదీ అదే పని, అదే గది.

ఆ వసంతంలో రేవు పక్క రాళ్ల మధ్య ఎయిసుకె గారికి సాలీడులా సన్నటి పొడుగు కాళ్లుండే గోరంత సాలెపీతలు కొన్ని దొరికాయి. మా తీరంలో మామూలుగా కనిపించే రకానికి నుదుటి మీది రెండు కొమ్ములూ పొడుగ్గా, విచ్చుకుని ఉంటాయి. వీటివి పొట్టిగా, దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఇంతవరకూ ఎవరూ గుర్తించని జాతి అని ఆయన నమ్మారు. దానికి భార్య పేరు పెడతానన్నారు.

"పీతకా నా పేరు? మా చెల్లెలు వింటే నవ్వి చస్తుంది," అంది హిసానో. అయినా ఆ సాయంత్రం చేపలు కాలుస్తూ కూనిరాగం తీసింది.

వాటిలో వెనక కాలు ఒకటి విరిగిన పీతను ఆమె తొట్టెలో పెంచింది. వానలు మొదలైన రోజుల్లో ఒక ఉదయం నన్ను పిలిచి చూపించింది. పీత కుబుసం విడిచింది. అడుగున పడి ఉన్న ఖాళీ పెంకుకి పొట్టి కొమ్ములు. పక్కనే మెత్తటి ఒంటితో కూర్చున్న పీతకి పొడుగాటి, విచ్చుకున్న కొమ్ములు. అది మామూలు రకమే. ఇన్నాళ్లూ పిల్ల పీత, అంతే.

మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆమె భర్తకి చెప్పింది. ఆయన భూతద్దం పట్టుకుని చాలాసేపు వంగి చూశారు.

"ఇంకోటి వచ్చి పడిందేమో."

"మూత తియ్యలేదండీ. వెనక కాలు విరిగిన పీత కదా ఇది? చూడండి, అక్కడే చిన్న కాలు మొలిచింది."

"ఎప్పుడు చూశావు?"

"పొద్దున."

"ఇప్పుడా చెప్పడం?"

"ఖాళీ కడుపుతో వింటే ఇంకా కోపం వచ్చేది మీకు."

ఆయన నవ్వలేదు. గొడుగు తీసుకుని రేవు వైపు వెళ్లిపోయారు, చీకటి పడేదాకా రాలేదు.

మర్నాడు వచ్చీ రాగానే సీసాల్లోని పీతలన్నిటినీ బయటికి తీసి, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరుసగా పేర్చారు. కొమ్ములు ఎంతవరకు పొట్టిగా ఉంటాయో, ఎప్పుడు విచ్చుకుంటాయో చూడటం మొదలుపెట్టారు. కాసేపటికి హిసానో కూడా కుర్చీ లాక్కుని కూర్చుంది. చలికాలానికి ఇద్దరూ కలిసి, పిల్ల పీతలను చూసి వేరే జాతి అని పొరబడకుండా ఎలా గుర్తుపట్టాలో ఒక వ్యాసం రాశారు. దాని మీద ఆమె పేరు ముందు ఉండాలని ఆయన పట్టుబట్టారు.

"పీతకి నీ పేరు పెట్టలేదని బాధ లేదా?" అని ఒకసారి అడిగాను.

"ఎందుకు లేదూ," అంది బార్లీ టీ పోస్తూ. "ఆయన అంత ముచ్చటపడ్డారు కదా. చెప్పకుండా ఊరుకుందామా అని కూడా అనిపించింది, ఆ పొద్దున."

"మరి?"

"మళ్లీ తొట్టెలోకి చూశాను. ఇక ఊరుకోలేకపోయాను."