పద్దెనిమిదో సంతకం

2023 అక్టోబర్ 14, శనివారం. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో మా స్నేహితుడు భాస్కర్ ఇంట్లో గుత్తివంకాయ కూర, మామిడికాయ పప్పు, చివర్లో దానిమ్మ గింజలు వేసిన పెరుగన్నం. మా ఆవిడ పోయాక నేను నలుగురిలో కూర్చుని తిన్న మొదటి భోజనం అది. వెళ్ళేటప్పుడు భాస్కర్ భార్య విజయశ్రీ అడక్కుండానే నా చేతిలో ఒక కూర డబ్బా పెట్టింది.

భోజనాలయ్యాక వాళ్ళమ్మాయి ఇషిత టీవీ పక్కన నిలబడి తన కంపెనీ గురించి చెప్పింది. చిన్న క్లినిక్‌లలో టీకాలు దాచే ఫ్రిజ్ వేడెక్కితే నర్సు ఫోన్‌కి కబురు పంపే పరికరం. మాలో సగం మందికి సరిగ్గా అర్థం కాలేదు. అయినా పద్దెనిమిది మందిమి చెక్కులు రాశాం. కాగితాలు అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. తర్వాత ఆ పిల్లే ఒప్పందం పంపితే, చదవకుండానే సంతకాలు పెట్టాం.

ఈ వసంతంలో కాలిఫోర్నియాలో కొత్త కంపెనీలకు డబ్బు పెట్టే ఫండ్ ఒకటి పెద్ద పెట్టుబడికి ఒప్పుకుంది. ఒకటే షరతు: మేమంతా కంపెనీలో మా ఓటు హక్కును ఫండ్ తరఫు మనిషికి అప్పగించాలి. ఆ డబ్బు రాకపోతే కంపెనీలో జీతాలు ఆగిపోతాయి. వీసా మీద ఉన్న ఇంజనీర్ నిశాంత్ దేశం వదిలి వెళ్ళాలి.

సంతకం కోసం ఇషిత అందరికీ ఈమెయిల్‌లో లింక్ పంపింది. పదిహేడు మందిమి నొక్కేశాం. పద్దెనిమిదోవాడు రాజారావు నొక్కలేదు. ఫోన్ చేస్తే ఎత్తడు.

"మా డాడ్ అడగనంటున్నారు అంకుల్. ఒకసారి అడిగి తీసుకున్నాం, మళ్ళీ ఏ మొహంతో అడగను అంటారు. మీరు వస్తారా?" అంది ఇషిత.

వెళ్ళాం. తలుపు తీసిన రాజారావు ఇంకా కూర్చోమనకముందే ఇషిత ఫోన్ ముందుకు చాపింది.

"అంకుల్, జస్ట్ క్లిక్ చేస్తే చాలు. రెండు సెకన్లు."

"చెక్ ఇచ్చినరోజు నన్ను క్లిక్ చేయమనలేదే అమ్మాయ్! అన్నం పెట్టి అడిగారు."

"సారీ అంకుల్. లాయర్ అలాగే పంపమన్నాడు."

"లాయర్‌కి నేనెవరో తెలీదు. నీకు తెలుసు కదా? నా మాట ఎవరో తెల్లావిడకి అప్పగించమంటున్నావు. నేనిచ్చింది నీకు, వాళ్ళకి కాదు."

"నాకు కాదు అంకుల్, కంపెనీకి ఇచ్చారు."

ఆ పిల్ల చెప్పింది నిజమే. ఆ నిజానికి రాజారావు మొహం నల్లబడింది. లోపల్నుంచి ఆయన భార్య రాజేశ్వరమ్మ మజ్జిగ గ్లాసులు తెచ్చి, "ముందు కూర్చోనివ్వండి పిల్లని. మీ కోర్టు తర్వాత పెట్టుకోండి," అంది. ఎవరూ నవ్వలేదు. "ఆలోచిస్తాలే," అని ఆయన టీవీ పెట్టాడు.

ఆయన ఆలోచన మూడు వారాలు నడిచింది. నేను రెండుసార్లు వెళ్ళి మాట్లాడాను. వద్దని ఒక్కసారీ అనలేదు, చేస్తాననీ అనలేదు. చివరికి ఒక బుధవారం సాయంత్రం, నాకు గానీ ఇషితకు గానీ చెప్పకుండా, సంతకం పెట్టేశాడు.

మర్నాడు గురువారం ఫండ్ ఆవిడ ఇషితకు ఫోన్ చేసింది. ఈమెయిల్‌తో సరిపెట్టకుండా తనే మాట్లాడింది, అది ఆమె మంచితనం. ఒక్క సంతకానికే ఇన్నాళ్ళు పడితే రేపు కష్టమైన నిర్ణయాలు ఎలా తీసుకుంటావని అడిగిందట. అంతమంది బంధువులున్న కంపెనీలో డబ్బు పెట్టలేమందట. వాళ్ళు బంధువులు కారని ఇషిత చెప్పింది. మరి ఏమవుతారంటే దానికి ఇంగ్లీషులో జవాబు దొరకలేదట.

నెలాఖరుకి కంపెనీ మూసేశారు. నిశాంత్ తన కారును అమ్మకానికి పెట్టాడు.

ఈసారి ఇషిత ఎవరికీ లింక్ పంపలేదు. నన్ను కారులో ఎక్కించుకుని ఇల్లిల్లూ తిరిగింది. ప్రతిచోటా కూర్చుంది, పెట్టింది తింది, ఆ తర్వాతే డబ్బు పోయిందని చెప్పింది. ఒకరిద్దరు కోప్పడ్డారు. చాలామంది మాట మార్చారు.

చివర రాజారావు ఇల్లు. రాజేశ్వరమ్మ తలుపు సగమే తీసింది.

"ఆయనకి ఒంట్లో బాగాలేదమ్మా. పడుకున్నారు."

ఆవిడ భుజం వెనక సోఫాలో రాజారావు తల వెనకభాగం కనిపిస్తూనే ఉంది. టీవీ శబ్దం ఆపేసి ఉంది.

ఇషిత చూసింది. గొంతు కాస్త పెంచి, లోపలికి వినిపించేలా అంది: "ఫర్వాలేదు ఆంటీ. ఒక్క మాట చెప్పి వెళ్దామని వచ్చాను. అంకుల్ సంతకం టైమ్‌కే వచ్చింది. వాళ్ళు వేరే కారణాలకి వద్దన్నారు."

ఆ పిల్ల నోట అబద్ధం వినడం నాకదే మొదటిసారి. సోఫాలో తల కదల్లేదు. రాజేశ్వరమ్మ బయటికి చెయ్యి చాపి ఇషిత మణికట్టు పట్టుకుంది.

"జాగ్రత్తగా డ్రైవ్ చేయమ్మా," అంది.

మేం మెట్లు దిగుతుంటే, గడియ చప్పుడు మాకు వినపడకుండా, ఆవిడ మెల్లగా తలుపు వేసుకుంది.