బస్సు ఆగే చోట ఫ్లెక్సీ

చెయ్యేటి కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయిన మూడో ఏడాది, నాలుగో తరగతి చదువుతున్న నా మనవరాలు మధులత పెద్దమనిషి అయింది. దానికి పాలపళ్లు ఇంకా అన్నీ ఊడలేదు.

"మాకు పద్నాలుగు పదైదు నిండినాక అయితాండె. ఇప్పుడు ఈ ఈడుకే అయితాండారు, ఏం తిండో ఏమో" అని నా భార్య గురమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పింది. నేను లేచి ఎనుముల దగ్గరికి పోయాను. వాటి ముందర గడ్డి ఉంది. తిరిగి వచ్చాను.

"ఒకసోట కూసోరాదా" అంది గురమ్మ.

మేనమామ ప్రవీణ్ బనగానపల్లె నుంచి వచ్చి వాకిట్లో పచ్చి కొబ్బరి మట్టలతో గుడిసె వేసి పిల్లను కూర్చోబెట్టాడు. అది మేనమామ చేయాల్సిందే. అంతటితో ఆగక, రోడ్డు మీద కరెంటు స్తంభానికి ఫ్లెక్సీ కట్టించాడు. మధులతకు చీర చుట్టి తీసిన ఫోటో. పక్కన వాడి ఫోటో ఇంకా పెద్దది. "పండగ పాపదా, ప్రవీణ్‌దా?" అని టీ అంగడి గోపన్న నన్నడిగాడు.

సాయంత్రం మట్టల సందులోంచి మధులత పిలిచింది.

"జేజినాయనా, నా ఫోటో రోడ్డు మింద కట్టినారంట కదా?"

"ఊ."

"స్కూలు బస్సు ఆడనే ఆగుతాది. మా క్లాసులో ఎవురూ కాలేదు, నేనొక్కదాన్నే. అందరూ సూస్తే నేనింక బడికి పోను."

నేను ప్రవీణ్ దగ్గరికి పోయాను. "అబ్బీ, అది తీసెయ్. పాప సిగ్గుపడతాంది."

"సిగ్గుపడాల్సిందే గదా మామా, పెద్దదాయె" అని నవ్వాడు. గురమ్మ కూడా నవ్వింది.

ఆ పూట రోడ్డు దాకా పోయి, చూసి, వచ్చాను. మళ్లీ పోయాను.

మర్నాడు పొద్దున స్కూలు బస్సు రాకముందే పొడుగాటి కట్టెకు కొడవలి కట్టుకొని పోయి ఫ్లెక్సీ తాళ్లు కోశాను.

"ఏమప్పా, పండగ ఇంకా కాలేదు గదా?" అన్నాడు గోపన్న.

"రోడ్డు మింద అయిపోయింది" అన్నాను.

ఫ్లెక్సీని చుట్టి భుజాన వేసుకొని ఇంటికి తెచ్చాను. ఫోటోలు లోపలికి తిప్పి గడ్డివామి మీద పరిచి, గాలికి లేవకుండా అంచులకు రాళ్లు కట్టాను.