వెనక చక్రాలు

అర్విడ్ మోకాళ్ల మీద కూర్చుని, పాత బ్యూక్ కారు వెనక టైరు పక్కభాగాన్ని తడుముతున్నాడు. కళ్లజోడు నుదుటి మీదే ఉంది. డులూత్‌లోని ఈ షాపులో ముప్ఫయ్యొక్క ఏళ్లుగా టైర్లు మారుస్తున్నవాడికి, టైరు ఎప్పుడు తయారైందో చెప్పే ఆ నాలుగంకెలు చదవడానికి వేళ్లు చాలు.

“రెండువేల తొమ్మిది, పద్నాలుగో వారం. పదేళ్లు దాటాయి లవోన్ గారూ. పైన గాడులు బాగానే ఉన్నాయి గానీ రబ్బరు ముసలిదైపోయింది.”

“నేనూ ముసలిదాన్నే. నన్నూ మార్చేస్తావా?” అంది లవోన్ హాగన్.

కొండమీది వృద్ధాశ్రమంలో ఉన్న భర్తకు రోజూ మధ్యాహ్నం సూప్ తాగించేది ఆవిడే. ఇంకొకరు చెంచా పట్టుకుంటే ఆయన నోరు తెరవడు. ఇవాళ మంచు పడుతుందని పొద్దున్నుంచీ రేడియో చెబుతూనే ఉంది.

ముందు టైర్లు రెండూ సగమే అరిగాయి, వాటితో ఈ చలికాలం గడుస్తుంది. అర్విడ్ తళతళలాడే చవక టైర్లను పక్కకు నెట్టి, ముందువాటికి జోడైనవే రెండు కొత్తవి దించాడు. ఎడమ భుజం ఒకసారి నొక్కుకున్నాడు.

“కొత్తవి ముందుకెయ్యి. బండిని లాగేవి ముందు చక్రాలేగా,” అంది ఆవిడ.

“వెనకే వేస్తాను.”

“మా ఆయన నలభై ఏళ్లు ముందుకే వేయించాడయ్యా.”

“ఊరంతా చేసే పొరపాటే అది. ముందువి జారితే స్టీరింగు మీ చేతిలో ఉంటుంది. వెనకవి జారితే బండి బొంగరమే. ఇక మీరు చేసేదేమీ ఉండదు.”

“జారిందా, నీ పీక పట్టుకుంటాను.”

“రేపు రండి. పీక ఇక్కడే ఉంటుంది.”

అర్విడ్‌కు ఇంట్లో ఎదురుచూసేవాళ్లు లేరు. తన చేతిమీదుగా వెళ్లిన బండి గొయ్యిలో పడిందన్న మాట ఇంతవరకూ వినలేదు. అతని గర్వమంతా అదే.

ఆ మధ్యాహ్నం మూడింటికి షాపులో ఫోను మోగింది. షాపు యజమానురాలు రోండా తీసింది.

“ఆ మొండివాడికి చెప్పమ్మా,” అంది లవోన్. “మలుపులో ముందువి కాస్త జారాయి. వెనకవి నేలని వదల్లేదు. మా ఆయన సూప్ అంతా తాగాడు.”

రోండా నవ్వుకుంటూ వెనకగదిలోకి వెళ్లింది. అర్విడ్ హీటరు పక్క కుర్చీలో, టోపీ ఒళ్లో పెట్టుకుని, గడ్డం ఛాతీకి ఆనించి కూర్చున్నాడు.

“అర్విడ్, నీ మాటే నెగ్గింది,” అంటూ భుజం తట్టింది. మళ్లీ తట్టింది. అతనిలో ఊపిరి లేదు. తర్వాత రేడియో కట్టేసి, అతని చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చుండిపోయింది. అతని కప్పులో కాఫీ ఇంకా వేడిగానే ఉంది.

గోడ వారగా, అమ్మకుండా తీసి పెట్టిన అదే రకం కొత్త టైర్లు మరో రెండు నిలబడి ఉన్నాయి. వాటి మీద పసుపు సుద్దతో అతని రాత: హాగన్ గారివి, ఏప్రిల్‌లో, ముందుకు.