పచ్చ గుడ్డ మీద పసుపు బాణం

తుపాకుల కొట్లో ఇనప్పెట్టె తెరిచి, లోపలి పిస్టళ్ళను ఒక్కొక్కటే తెచ్చి గాజుబల్లలో పేరుస్తున్నాడు ఎల్డన్ ప్రూయిట్. చేతిలోకి తీసుకోగానే గొట్టాన్ని గోడవైపు తిప్పుతాడు. పిడి అడుగునుంచి తూటాలు నింపే మ్యాగజైన్ ఊడదీస్తాడు. ఆ తర్వాత పైన జారే స్లయిడ్‌ని వెనక్కి లాగి, తూటా కూర్చునే గూట్లోకి తొంగిచూస్తాడు. చూసింది చాలదన్నట్టు చిటికెనవేలు పెట్టి తడుముతాడు. నిన్న సాయంత్రం తనే ఖాళీ చేసి, తనే లోపల పెట్టి, తనే తాళం వేసినవి అవి. అయినా చూస్తాడు.

ముందు మ్యాగజైన్, తర్వాత స్లయిడ్, ఆపైన కన్ను, చివరికి వేలు. ఆ వరస మారకూడదు. స్లయిడ్ ముందు లాగితే గూట్లో ఉన్న తూటా బయటికి దూకుతుంది గానీ, కిందనుంచి ఇంకొకటి పైకెక్కి దాని చోట్లో కూర్చుంటుంది. దూకిన తూటా చేతికి దొరికింది కాబట్టి తుపాకీ ఖాళీ అనుకుంటాడు మనిషి. ఊళ్ళో లెస్టర్ వాళ్ళ వంటింటి గోడకి చిల్లు పడింది అలాగే. దాని మీద ఇప్పుడు ఎరువుల కంపెనీ క్యాలెండర్ వేలాడుతోంది.

పేర్చడం అయ్యాక బల్ల మీద పచ్చ గుడ్డ పరిచాడు. వీధి చివర బారు మూతపడినప్పుడు, అక్కడి బిలియర్డ్స్ బల్ల మీది గుడ్డ అడిగి తెచ్చి, అంచులు మడిచి కుట్టింది ఆయన భార్య వెర్నా. మధ్యలో పసుపు దారంతో బాణం ఒకటి కుట్టింది. బాణం మొన ఎప్పుడూ పొరపాటున పేలితే తూటా దిగబడడానికి పెట్టిన ఇసుక పీపా ఉన్న గోడ వైపే ఉండాలి. తుపాకీ కింద పెట్టేటప్పుడు గొట్టం కూడా అటే. "నువ్వు చెబితే ఎవడు వింటాడు? గుడ్డ చెబితే వింటారు," అంది ఆవిడ. నిజంగానే విన్నారు. గోధుమ కోతలకి వచ్చే పరాయి ఊళ్ళ కుర్రాళ్ళు కూడా ఆ బాణాన్ని చూడగానే చెయ్యి అటు తిప్పేవాళ్ళు.

వెర్నా పోయి మూడు చలికాలాలు గడిచాయి.

ఇంట్లో ఎల్డన్‌తో మాట్లాడేది రేడియో ఒక్కటే. ఈమధ్య అది ఆపడం కూడా మర్చిపోతున్నాడు. పాలసీసా అలమరలో పెట్టి, పంచదార డబ్బా ఫ్రిజ్‌లో పెట్టాడు. ఒకరోజు ట్రక్కు ఇంజన్ ఆపకుండానే ఇంట్లోకి వెళ్ళి పడుకున్నాడు. ఎదురింటి ఆవిడ పేరు రెండు వీధులు నడిచాక గాని గుర్తు రాలేదు. అవేవీ ఎవరికీ చెప్పలేదు. తనతో తనే ఒక ఒప్పందం చేసుకున్నాడు. ఇంట్లో ఏం మర్చిపోయినా పర్వాలేదు. ఈ గాజుబల్ల వెనక మాత్రం ఒక్కసారి, ఒకే ఒక్కసారి పొరపాటు చేస్తే, ఆ రోజే ఈ పనిలోంచి దిగిపోవాలి.

దిగిపోతే ఎక్కడికి వెళ్ళాలో మాత్రం ఆలోచించలేదు. రోజంతా తన పేరు పెట్టి పిలిచే మనుషులున్న చోటు ఇదొక్కటే.

తలుపుకున్న గంట మోగింది. బయటి గాలితో పాటు యాభై దాటిన ఒకావిడ లోపలికొచ్చింది. నీలం రంగు నర్సు చొక్కా, పైన మగవాళ్ళ పాత కోటు. పేరు మావిస్ కోల్బర్న్ అని చెప్పింది. మంచం దిగలేని ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి స్నానాలు చేయించడం, మందులివ్వడం ఆవిడ పని. పొలాల మధ్య మట్టిరోడ్ల మీద ఒక్కతే కారు నడుపుకుంటూ తిరగాలి. మొన్న శరదృతువులో ఒక ట్రక్కు దీపాలు ఎత్తిపెట్టి, వంతెన దాకా వెంటబడిందట.

"దగ్గర పెట్టుకోవడానికి ఒకటి కావాలి," అంది. "కానీ నా చెయ్యి చంటిపిల్ల చెయ్యి, నా నడుమేమో ముగ్గురు పిల్లల తల్లి నడుం. రెండింటికీ కుదిరేదేమైనా ఉందా మీ దగ్గర?"

"దేవుడు అలా కలిపి పెట్టినవాళ్ళ కోసమే ఈ కొట్టు పెట్టారమ్మా," అన్నాడు ఎల్డన్.

ఆవిడ నవ్వి, అరచేతిలో ఇమిడిపోయే చిన్న పిస్టల్‌ని చూపించింది. అందరూ ముందు చూపించేది దాన్నే. ఎల్డన్ కాదనలేదు. బయటికి తీసి, వరసంతా చేసి చూపించి, బాణం మీద పెట్టాడు.

"తీసుకునే ముందు ఒక మాట. నేను ఖాళీ అని చెప్పినా నమ్మొద్దు. పాస్టరు గారు ఇచ్చినా నమ్మొద్దు. చేతికి రాగానే మీరే చూసుకోవాలి. కింద, పైన, కన్ను, వేలు. చెప్పండి."

"కింద, పైన, కన్ను, వేలు. మందులిచ్చేటప్పుడు మేమూ అంతే. సీసా మీద పేరు రెండుసార్లు చదువుతాం."

"అయితే మీకు సగం వచ్చేసినట్టే."

చిన్నదాని స్లయిడ్‌ని ఆవిడ లాగలేకపోయింది. పళ్ళు బిగించినా సగం దాకా వచ్చి జారిపోయింది. "చిన్నవాటికి స్ప్రింగు గట్టిగా ఉంటుంది," అన్నాడు. "పేల్చినప్పుడు మణికట్టుకి దెబ్బ కూడా గట్టిగానే తగులుతుంది. మోయడానికి హాయి, పేల్చడానికి బాధ. పది తూటాలు కాల్చి, ఇంక దాని జోలికి పోరు." రివాల్వర్ ఇచ్చాడు. ట్రిగ్గర్ నొక్కడానికి ఆవిడ వేలి బలం చాల్లేదు. గురి నేర్చుకునేవాళ్ళు వాడే పెద్ద పిస్టల్ ఇచ్చాడు. అది ఆవిడ చేతిలో నిలకడగా నిలిచింది. ముఖం వెలిగింది.

"ఇది బావుందే."

"బావుంటుంది. తోలు ఒరలో పెట్టి, ఆ కుర్చీలో కూర్చోండి. కారు నడుపుతున్నట్టు."

కూర్చుంది. పక్కటెముకల్లో గుచ్చుకోగానే "అబ్బా" అని లేచింది.

"వారం మోస్తారు. ఎనిమిదో రోజు సొరుగులో పడేస్తారు. వంతెన దగ్గర సొరుగు ఉండదు కదా."

మావిస్ కోటు సర్దుకుంది. కొట్టు వెనక భాగంలోని షూటింగు గది వైపు చూసింది. తలుపు మూసి ఉంది.

"వంతెన సంగతి నిజమే," అంది చివరికి. "కానీ అదొక్కటే కాదు. మంగళవారం సాయంత్రాలు మీ దగ్గర ఆడవాళ్ళ గురి పోటీలు పెడతారు కదా. నేను బయట కారాపుకుని శాండ్విచ్ తింటుంటాను. లోపలనుంచి ముందు చప్పుడు, ఆ వెంటనే నవ్వులు వినిపిస్తాయి. ఒకరోజు శాండ్విచ్ అయిపోయినా కారు తియ్యలేదు. అందుకని... రెండింటికీ పనికొచ్చేది ఒకటుంటే బావుంటుందని."

ఎల్డన్ తల ఊపాడు. ఆ నవ్వులు అతనికీ తెలుసు. మంగళవారాలు కొట్టు మూసే పని లేకపోయినా ఉండిపోతాడు.

గంట మళ్ళీ మోగింది. లోపలికొచ్చినవాడు హార్లన్ బోగ్స్. ధాన్యం గోదాములో ఎల్డన్‌తో కలిసి పనిచేసిన రైతు, చిన్ననాటి స్నేహితుడు.

"ఇంకా బతికే ఉన్నావురా?" అన్నాడు హార్లన్.

"నిన్ను పంపించి పోదామని ఆగాను."

"అయితే ఇంకా చాలాకాలం ఆగాలి. మా ఆవిడ నాకు కొత్త పళ్ళు కట్టించింది." నడుముకున్న ఒర విప్పి, పిస్టల్‌తో సహా పచ్చ గుడ్డ మీద పెట్టాడు. వేళ్ళ కణుపులు ఉబ్బి, వంకర తిరిగి ఉన్నాయి. "ఇదిగో, దీన్ని నువ్వే తీసుకో. నేనింక స్లయిడ్ లాగలేను. ఇంతకన్నా సులువైంది ఏదీ లేదని నువ్వే ఇచ్చావు. అదీ కదలట్లేదు నాకు. ధర సంగతి తర్వాత మీ యజమాని డ్వేన్‌తో చూసుకుంటాను."

"కూర్చోరా కాసేపు."

"కార్లో కుక్క ఉంది. అదీగాక ఇవాళ హోటల్లో చిల్లీ మాంసం కూర, దాల్చినచెక్క వేసి చుట్టిన రొట్టె. తొందరగా పోకపోతే రొట్టెలు అయిపోతాయి." తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "తింటానే గానీ, వెర్నా చేసిన రొట్టెల్లా ఉండవు. మధ్యలో మెత్తగా ఒక చుట్ట మిగిల్చి చివర్లో తినేది చూడు, అలా తినడం నాకు ఆవిడే నేర్పింది."

తలుపు మూసుకుంది. కిటికీ అవతల హార్లన్ కుక్కతో ఏదో చెబుతున్నాడు.

ఎల్డన్ పిస్టల్‌ని ఒరలోంచి తీశాడు. కళ్ళ ముందు వంటింట్లో పొయ్యి పక్కన వెర్నా నిలబడి ఉంది. మోచేతుల దాకా పిండి. రొట్టె మధ్యలోని చుట్టని గోటితో విడదీసి, ఇటు తిరిగి, నోరు తెరవమంటోంది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. స్లయిడ్ వెనక్కి లాగాయి. తూటా ఒకటి దూకితే పట్టుకుని చొక్కా జేబులో వేశాయి. మ్యాగజైన్ ఊడదీసి పక్కన పెట్టాయి. పిస్టల్ గుడ్డ మీద పడుకుంది.

"అది పట్టుకోవచ్చా?" అంది మావిస్.

"ఎందుకు కూడదూ. మధ్యరకం. మీకు కుదరొచ్చు," అన్నాడు ఎల్డన్. దాన్ని తీసి ఆవిడ చేతికిచ్చాడు. అన్నింటికీ చేసినట్టు తెరిచి చూపించలేదు.

మావిస్ దాన్ని అందుకుని బాణం వంక చూసింది. గొట్టాన్ని గోడవైపు తిప్పింది. పెదవులు కదిలాయి. కింద చూసింది, మ్యాగజైన్ లేదు. స్లయిడ్ పట్టుకుని లాగింది. ఇంతవరకూ ఏదీ లొంగని ఆవిడ చేతికి అది వెన్నలా వెనక్కి వచ్చింది. వచ్చిందన్న సంతోషంతో ఆవిడ నోరు తెరుచుకుంటుండగానే, లోపలనుంచి ఇత్తడి రంగు తూటా ఒకటి ఎగిరి పచ్చ గుడ్డ మీద పడింది. కొంచెం దొర్లి ఆగింది.

ఇద్దరూ దాన్నే చూశారు.

మావిస్ వేలు ట్రిగ్గర్ దరిదాపుల్లో కూడా లేదు. గూట్లోకి చూసి, చిటికెనవేలు పెట్టి తడిమి, అప్పుడు పిస్టల్‌ని కింద పెట్టింది. ఎల్డన్ చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్ళింది. లోపల ఇందాకటి తూటా గుండ్రంగా తగిలింది. ఏం జరిగిందో అతనికి మొత్తం అర్థమైంది.

"మీరే కదా నమ్మొద్దన్నారు," అంది ఆవిడ మెల్లగా. తప్పు తనదే అన్నట్టుంది గొంతు.

షూటింగు గది తలుపు తెరుచుకుంది. కొట్టు యజమాని డ్వేన్ చప్పుడు వినపడకుండా చెవుల మీద పెట్టుకున్న డిప్పలు మెడకి జార్చుకుంటూ వచ్చాడు. "ఏంటి పెద్దాయనా, కుదిరిందా ఆవిడకి?"

మావిస్ తూటా మీద అరచెయ్యి బోర్లించింది. ఎంత మామూలుగా పెట్టిందంటే, అలసిపోయి బల్లకి ఆనుకున్నట్టే ఉంది. "కుదిరింది. ఇదే తీసుకుంటాను," అంది.

ఎల్డన్ ఆ చేతిని చూశాడు. నీళ్ళలో నాని నాని గోళ్ళు తెల్లబడిన చెయ్యి. దాని కింద అంతా దాగిపోయింది. ఇప్పుడు అవునంటే చాలు. రేపు పొద్దున్న మళ్ళీ ఇనప్పెట్టె తెరవొచ్చు. మంగళవారం నవ్వులు వినొచ్చు. ఎల్లుండి అదే చోట ఇంకెవరైనా నిలబడతారు. వాళ్ళు వరస నేర్చుకునే ఉంటారని ఏముంది?

"చెయ్యి తియ్యమ్మా," అన్నాడు.

ఆవిడ తియ్యలేదు. మళ్ళీ అడిగితే తీసింది.

"హార్లన్‌ది," అన్నాడు డ్వేన్‌తో. "వరస తిరగేశాను. చూడకుండా ఆవిడ చేతికిచ్చాను. ఆవిడే చూసుకుంది."

డ్వేన్ తూటా వైపు, ఎల్డన్ వైపు చూసి గడ్డం రుద్దుకున్నాడు. "నాకూ జరిగింది పెద్దాయనా. నాన్న ఉన్నప్పుడు."

"నువ్వు గూట్లోకి చూశాక తెలుసుకున్నావు. నేను చూడనే లేదు. చూశాననే అనుకున్నాను."

బయట కుక్క మొరగడం, హార్లన్ కారు కదలడం వినిపించాయి.

"తూటాల పెట్టెలు సర్దు. కాఫీ చూసుకో. నిన్ను పొమ్మన్నదెవరు?" అన్నాడు డ్వేన్.

"ఎవరూ అనలేదు. నేనే ఒక మాట అనుకున్నాను." ఎల్డన్ నడుముకున్న సొంత ఒర విప్పాడు. పిస్టల్ తీసి, మ్యాగజైన్ ఊడదీశాడు. స్లయిడ్ లాగాడు, చూశాడు, వేలు పెట్టాడు. ఈసారి వరస తప్పలేదు. గొట్టం గోడవైపే ఉంచి డ్వేన్‌కి అందించాడు. "దీన్ని నీ ఇనప్పెట్టెలో పెట్టుకో. ఇంట్లో నన్ను కనిపెట్టి ఉండేవాళ్ళు లేరు."

అలాంటివి ఆ పెట్టెలో ఇంకా ఉన్నాయి. భార్య విడిచి వెళ్ళినవాళ్ళు, పంట పోయినవాళ్ళు, నిద్ర పట్టనివాళ్ళు తమ చేతిని తామే నమ్మలేక తెచ్చి దాచమంటే, ఎందుకని అడక్కుండా ఇన్నేళ్ళూ ఎల్డనే పేరు చీటీ కట్టి లోపల పెట్టేవాడు. డ్వేన్ కూడా అడగలేదు. రెండు చేతులతో అందుకున్నాడు. "కాగితాలు రాసి రేపిస్తాను మీకు," అని మావిస్‌తో చెప్పి లోపలికి వెళ్ళాడు. చీటీ కట్టడానికి ఎంతసేపు పడుతుందో ఎల్డన్‌కి తెలుసు. అంతకన్నా చాలాసేపు లోపలే ఉన్నాడు డ్వేన్.

"మంగళవారం వస్తారా?" అంది మావిస్. "తుపాకీ ముట్టుకోనక్కర్లేదు. వెనక బెంచీ మీద కూర్చుని నా మణికట్టు చేసే తప్పులు చెబితే చాలు. లోపల నాకెవరూ తెలీదు."

"మంగళవారం ఏ రోజో గుర్తుంటే వస్తానమ్మా."

"నేను వచ్చి ఎక్కించుకుంటాను. మర్చిపోయేవాళ్ళని చూసుకోవడమే కదా నా పని." అన్నాక, ఆ మాట తనకే వినిపించి, ఆవిడ కళ్ళు దించుకుంది.

ఎల్డన్‌కి మాత్రం అది కష్టంగా అనిపించలేదు. మెత్తగానే తగిలింది. కొక్కేనికున్న టోపీ తీసుకుని, జేబులోని తూటాని బల్ల మీద పెట్టాడు. గుడ్డ వైపు చెయ్యి చాచి, ఒక అంచు మడిచి, మళ్ళీ సరిచేసి వదిలేశాడు. దాని అవసరం ఇక్కడే ఉంది.

బయట గాలికి టోపీ పట్టుకుని ట్రక్కు దాకా నడిచాడు. ఎక్కి కూర్చుని, ఇంజన్ మోగుతోందో లేదో ఒకసారి విని, కదిలాడు.

గాజుబల్ల మీద పచ్చ గుడ్డ ఉంది. తుపాకులు పెట్టి తీసిన చోట ఉన్ని పలచబడి కింద గాజు కనిపిస్తోంది. బాణం దారం మాత్రం ఒక్క పోగు కూడా ఊడలేదు. ఎవరూ నిలబడని గోడ వైపే చూపిస్తోంది.