కనక పాదు

సోంబరుకి పెళ్లాం పోయి రెండేళ్లు దాటింది. రత్నాలు పోయినరోజు అతను సర్కారు ఘాటురోడ్డు పనిలో రాళ్లు మోస్తున్నాడు. ఇంటికొచ్చేసరికి మనిషీ లేదు, మంచమూ లేదు. కొత్త పెట్టకముందే చిక్కుళ్లు వండుకు తిన్నదనీ, అందుకే జ్వరం తగిలి పోయిందనీ ఊళ్లో అనుకుంటున్నారు. ఆ మాట మొదట ఎవరి నోట వచ్చిందో అతనికి తెలుసు. రత్నాలు కన్నతల్లి సోములమ్మే అంది.

ఆ కొండల్లో ఏ కాయ చేతికొచ్చినా ముందు ఊరి దేవత రాయి దగ్గర పెట్టాలి. దానికి ముహూర్తాలు పెట్టే దిసారి రోజు చూసి చెబుతాడు. ఆ రోజు వచ్చేదాకా కాయ నోట పెట్టకూడదు. దాన్నే కొత్త పెట్టడం అంటారు. ఆకుకీ దుంపకీ ఆ పట్టింపు లేదు.

పుష్యమాసం చలిలో సోములమ్మ చింతపల్లి వైపున్న తన ఊరినుంచి రెండు కొండలు దాటి వచ్చింది. మనవరాళ్లు ఏడేళ్ల గంగనీ నాలుగేళ్ల కనకనీ పక్కన నిలబెట్టుకుని సోంబరుని ఊరి పెద్దల ముందు అడిగింది.

"గుంటలు అంబలి నీళ్లతో బతుకుతున్నారు. ఈళ్లని నాతో పంపించీ."

"పంపను."

"ఏటి పెడతావు ఈళ్లకి? నీ మొండితనం ఉడకబెట్టి పెడతావా?"

పెద్దలు నవ్వారు. సోంబరు నవ్వలేదు.

"చైత్రంలో రా అత్తా. నా మడిలో కూరా కాయా లేకపోతే తీసుకుపో."

పెద్దలు సరే అన్నారు. చైత్రంలో చూసి తేలుస్తామన్నారు.

సోంబరు కొండవాగు గెడ్డ పక్కన నాలుగు బారల నేల తవ్వాడు. పిల్లల్ని వదిలి వెళ్లడానికి మనిషి లేక వాళ్లనీ పనిలో దింపాడు. చిన్న వేళ్లకి పట్టే గింజలే ఏరాడు: బొబ్బర, దోస, గుమ్మడి. పిల్లలకి ఎదురుచూడటం రాదు కాబట్టి తొందరగా మొలిచే ముల్లంగీ తోటకూరా కూడా చల్లించాడు. తోటకూర విత్తనం గుప్పెట్లో నిలవదు, ఇసకలో కలిపి ఇచ్చాడు. దోసగింజ వేలి మొదటి గణుపు దాకా దిగితే చాలని ఒక్కసారే చెప్పాడు. రెండోసారి చెప్పే అలవాటు అతనికి లేదు.

గంగకి ఒక్కసారి చాలు. ఆనపబుర్రతో గెడ్డలో నీళ్లు ముంచి, మొక్క మీద కాకుండా మొదట్లో పోసేది. కనక అలా కాదు. మూడోనాడు పాదు కెలికి గింజ బయటికి తీసింది.

"ఏటి సేత్తన్నావే?"

"లెగిసిందా అని సూత్తన్నాను."

"తొంగున్నప్పుడు నిన్ను ఇలాగే లాగితే లెగుస్తావా?"

"లెగుస్తాను అయ్యా."

మళ్లీ పాతించాడు. మళ్లీ తవ్వింది. నాలుగోసారి మడి చివర ఒక పాదు చూపించి, "ఇది నీది. బతికినా నీదే, సచ్చినా నీదే. మిగతావాటి మీద సెయ్యి పడితే విరిసేత్తాను," అన్నాడు. తనదన్నాక కనక తవ్వలేదు.

తోటకూర మొలకల్ని పొరుగువాళ్ల కోళ్లు గీరేశాయి. సోంబరు పొరుగువాళ్లతో మాట్లాడలేదు. ముళ్లకంప కొట్టి తెచ్చి చుట్టూ వేశాడు, మళ్లీ చల్లాడు. మాఘం చివరికి ముల్లంగి తిన్నారు. ఫాల్గుణంలో తోటకూర తిన్నారు. దోసతీగ కంప ఎక్కి పిందెలు వేసింది.

చైత్రంలో దిసారి మంగ్లు శుక్రవారం కొత్త అని చాటాడు. గురువారం మధ్యాహ్నం సోములమ్మ వచ్చింది. చెమటతో ముఖమంతా తడిసింది. సోంబరు చాప వేయలేదు. ఆమె కూడా అడగలేదు. గట్టు మీద కూచుని, వేలాడే బొబ్బరకాయల్నీ కంపమీది దోసకాయల్నీ గుమ్మడినీ చూసింది. గంగ నీళ్లు తేవడానికి గెడ్డకి వెళ్లింది.

ఈలోగా కనక పరుగెత్తి తన పాదులో దోసకాయ తెంపింది. చేదేమోనని ఒక కొరుకు కొరికి, నమిలి మింగి, అమ్మమ్మ చేతిలో పెట్టింది.

"సేదు నేదు. తిను."

తల్లి లేని ఇంట్లో పిల్ల కొత్త తప్పిందంటే ఇక పెద్దలు మడి వైపు చూడరు. మూడు నెలలు మోసిన నీళ్లు ఆ ఒక్క కొరుకుతో గెడ్డలో కలిసినట్టే. కంప అవతల మంగ్లు కనబడ్డాడు. రేపు ఏ ఇంటినుంచి ఏ కాయ వస్తుందో కనుక్కుంటూ తిరుగుతున్నాడు.

"ఆ కాయెవరు కోసేరు?" అన్నాడు.

కనక నోరు తెరిచింది. అంతకంటే పెద్దగా సోములమ్మ నోరు తెరిచి, కొరికినచోటే కొరికింది.

"నేనే. కొండలు దాటి వచ్చేను, దప్పికేసింది."

"ముసిల్దానివి, నీకు తెల్దా? కొత్త తప్పినోళ్లకి ఏడాది దాకా పెద్దల ముందు మాట నేదు. గుంటల కోసం అడగనేవు."

"తెలుసు."

"కోడి ఇచ్చుకోవాల."

"ఇత్తాను. నీ ముఖానికి పుంజే తెత్తాను, ఎల్లు."

మంగ్లు వెళ్లాడు. సోములమ్మ కాయ నములుతూనే ఉంది.

"గుంట పళ్ల గుర్తు సిన్నది. ఆడు దగ్గిరికొస్తే తెలిసిపోద్ది," అంది.

"రత్నాలప్పుడు ఈ తెలివి ఏటయింది?"

ఆమె నమలడం ఆపింది.

"అప్పుడు దాని పక్కన నేను నేకపోయేను. నువ్వూ నేవు. ఏదో ఒకటి అనాల కదా."

"అనకుండా ఉండొచ్చు."

సోములమ్మ మిగిలిన కాయంతా తినేసింది.

శుక్రవారం కొత్త పెట్టారు. సోములమ్మ కొనిచ్చిన పుంజు కోశారు. పెద్దలు మడి చూసి, పిల్లలు తండ్రి దగ్గరే ఉండాలన్నారు. సోములమ్మ దూరంగా నిలబడి వింది. పొద్దు వాలకముందే చీర చెంగు దోపుకుని బయల్దేరింది. సోంబరు ఉండమనలేదు, మళ్లీ రమ్మనీ అనలేదు.

ఆమె గెడ్డ దాటుతుండగా గంగని పిలిచి, ఒక గుమ్మడికాయ నెత్తికెత్తి వెనకాల పంపాడు. ఉన్నవాటిల్లో చిన్నది ఏరి మరీ పంపాడు.